విరగడానికి పెట్టిన పందిరి

గురువుగారి పిడికిలి భవనం మోడల్ మీద పడితే ఎలాంటి చప్పుడొస్తుందో ఆ ఆఫీసులో ఎవరైనా కళ్ళు మూసుకుని చెప్పగలరు. ముందు సన్నటి చెక్కలు పెళపెళా విరుగుతాయి, వెనకే బల్ల కాళ్ళు నేలమీద ఈడ్చుకుపోతాయి. మోడళ్ళు చేసే గదికి పెద్ద దిక్కైన అట్టలక్క చీపురూ చేటా పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగి, ఇంకో దెబ్బేమైనా బాకీ ఉందేమో చూసుకుని మరీ లోపలికొస్తుంది. వారాల తరబడి కోసి అతికించిన చేతులే ఆ ముక్కలు ఎత్తిపోయాలి.

గురువుగారంటే సామాన్యుడు కాదు. ఆయన గీసిన విమానాశ్రయాల్లో ఎన్ని దేశాలవాళ్ళు దిగుతున్నారో, ఎక్కుతున్నారో లెక్కలేదు. ఆయన కట్టిన గ్రంథాలయం మెట్లమీద ఫొటో దిగకపోతే ఆ ఊరు చూసినట్టే కాదంటారు. డెబ్బై దాటినా నిటారుగా నడుస్తాడు. చేతిలో ఎప్పుడూ మూరెడు స్టీలు స్కేలు ఉంటుంది. దాంతోనే చూపిస్తాడు, దాంతోనే కొలుస్తాడు, ఒళ్ళు మండితే దాంతోనే బల్లమీద కొడతాడు. అక్కడ ఎవరి వేళ్ళయినా ఉంటే అది ఆ వేళ్ళ ఖర్మ. ముక్కుమీద కోపం ఉండేవాళ్ళని చూశాం గానీ, ఈయనకి ఒళ్ళంతా ముక్కే.

ఇలాంటి మనిషి దగ్గర బతికి బట్టకట్టడానికి ఒక ఉపాయం కావాలి. దాన్ని కనిపెట్టింది, ఆఫీసులో గురువుగారి తర్వాత అంతటి పెద్దావిడ. ఆఫీసులో ఆవిడకి వెనకాల పేరు రెండో సంతకం. ఏ డ్రాయింగు చూసినా పైన గురువుగారి సంతకం, కింద ఈవిడ సంతకం ఉంటాయి కాబట్టి ఆ పేరొచ్చింది. ఆవిడ ఉపాయం ఏమిటంటే, ప్రతి మోడల్లోనూ గురువుగారి చెయ్యి ముందుగా వెళ్ళే చోట, ఆయనకి చూడగానే కంపరమెత్తే ముక్క ఒకటి పెట్టించడం. ఆయన దాన్ని విరగ్గొడతాడు, కసి తీరుతుంది, మిగతాది గట్టెక్కుతుంది. మోడల్ గదిలో ఆ ముక్కని దిష్టిబొమ్మ అనేవాళ్ళు. దానికో నియమం కూడా ఉంది. దిష్టిబొమ్మ చేసేవాడికి అది దిష్టిబొమ్మ అని చెప్పకూడదు. చెబితే చెయ్యి మొక్కుబడిగా పనిచేస్తుంది, ఆ మొక్కుబడితనం ముసలాయన ఇట్టే పసిగడతాడు.

ఈసారి కట్టాల్సింది సముద్రం అవతలి దేశంలో విమానాశ్రయం. ఎడారి అంచున, మనదేశపు ఊరొకటి మొత్తం ఇమిడిపోయేంత కట్టడం. శుక్రవారం ఆ దేశంవాళ్ళు మోడల్ చూడ్డానికి వస్తున్నారు. "ఇది గెలిస్తే అక్కడి పని నీదే. మొదటి సంతకం నువ్వు పెట్టు" అన్నాడు గురువుగారు. ఆవిడ ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. అది విన్న రోజు ఆవిడ బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చింది. యాభై దాటిన మనిషి, కొత్తగా ఉద్యోగమొచ్చిన పిల్లలా.

దిష్టిబొమ్మ పని పందిరికి అప్పగించింది. పందిరి అంటే ముప్ఫై దాటిన కుర్రాడు, పెళ్ళయి ఏడాది. బస్టాండు గీయమన్నా, ఆస్పత్రి గీయమన్నా ముందు కప్పు గీసి ఆ తర్వాత కింద గోడలు పెట్టుకొస్తాడు కాబట్టి ఆ పేరు ఖాయమైంది. విమానాశ్రయం ముందు కార్లు ఆగే చోట పందిరి గీయమని ఆవిడ చెప్పింది. "నీ ఇష్టం. పెద్ద కప్పుతో కలవాలని ఏం లేదు" అంది. గురువుగారికి గీత అంటే తిన్నగా ఉండాలి. వంకర కనిపిస్తే ఆగలేడు. పందిరి ఏం గీస్తాడో ఆవిడకి ముందే తెలుసు.

వాడు నిజంగానే వంకరగా గీశాడు. తలొంచుకుని కూర్చుని, చెక్కముక్కల్ని నీళ్ళలో నానబెట్టి వంచి, ఒకవైపు నేలకి వంగి ఇంకోవైపు లేచేలా పందిరి చేశాడు. "ఎలా ఉంది మేడమ్?" అని అడిగితే, "బావుంది" అంది. బావున్నమాట నిజమే. అయినా దాన్ని గురువుగారి చెయ్యి ముందుగా పడే చోటే అతికించమంది.

సోమవారం పొద్దున్న అందరూ మోడల్ చుట్టూ నిలబడ్డారు. గురువుగారి కుడిపక్కన, డ్రాయింగుల చుట్ట చంకలో పెట్టుకుని ఆవిడ. ఆవిడ పక్కనే పందిరి, ఇస్త్రీ చొక్కాతో.

గురువుగారు ఒకసారి చుట్టూ తిరిగొచ్చి మోడల్లోని ఆ వంకర పందిరి దగ్గర ఆగాడు. అందరూ అనుకున్నట్టే పిడికిలి లేచింది, పడింది. వంచిన చెక్కలు నడుముకి విరిగాయి. మోడల్ గదివాళ్ళు లోలోపల హమ్మయ్య అనుకున్నారు.

"ఈ వంకర ఎవడిది?"

ఈ ప్రశ్నకి జవాబు ఉండకూడదు. ఎవరూ చెప్పరు, ఆయన ఇంకో తిట్టు తిట్టి ముందుకి కదులుతాడు, అంతటితో సరి. కానీ ఆ సంగతి పందిరికి ఎవరూ చెప్పలేదు కదా.

"నాదే సార్. అది తప్పు కాదు సార్" అన్నాడు వాడు. "అక్కడ ఇసుకగాలి ఆ దిక్కునుంచే కొడుతుంది. జనం కారు దిగేది అక్కడే. పిల్లలుంటారు, ముసలివాళ్ళుంటారు. అందుకని అటు వంచాను."

చెబుతూ చెబుతూ, విరిగిన ముక్కని ఎత్తి మళ్ళీ దాని చోట నిలబెట్టబోయాడు.

గురువుగారు ముందు స్కేలుతో వాడి వేళ్ళమీద కొట్టాడు. వాడు చెయ్యి తీయలేదు. మొండితనం కాదు పాపం, ముక్క పడిపోతుందని. ఆ చెయ్యి తీయకపోవడమే గురువుగారికి ఎదురుతిరిగినట్టు కనిపించింది. రెండో దెబ్బ చెంపమీద. మూడోసారి స్కేలు బల్లపరుపుగా కాకుండా అంచుతో వచ్చింది. వాడు అరవలేదు. "అమ్మా" అని మెల్లగా అని, ఎడమకన్ను అరచేత్తో మూసుకుని మోకాళ్ళమీద కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి తెల్లటి రన్‌వే మీద పడింది. అయినా ఆయన ఆగలేదు. కూలబడ్డవాణ్ణి భుజంమీద, మెడమీద, మళ్ళీ భుజంమీద కొట్టాడు. అలసిపోయాకే ఆగాడు.

అంతసేపూ అందరూ నిలబడే ఉన్నారు. ఆవిడ చంకలోని డ్రాయింగుల చుట్ట చంకలోనే ఉంది.

"తుడవండి" అన్నాడు గురువుగారు ఆయాసపడుతూ. "శుక్రవారం ఎంతో దూరం లేదు." తర్వాత ఆవిడవైపు తిరిగి, గొంతు తగ్గించి, "మెట్లమీద జారాడని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు" అన్నాడు.

*

ఆస్పత్రిలో కంటి డాక్టరమ్మ అడిగింది. "ఎలా తగిలింది?"

"మెట్లమీద జారాడండీ" అంది ఆవిడ.

డాక్టరమ్మ గాయాన్ని ఇంకోసారి చూసింది. కనుబొమ్మ మీదినుంచి చెంప దాకా ఒకే గీత, తిన్నగా.

"మెట్టు బాగా పదునైనదే" అంది, మొహంలో ఏమీ లేకుండా. "ఎడమకంటికి చూపొస్తుందని నేను మాటివ్వలేను."

పందిరి భార్య అప్పుడే వచ్చింది. బడిలో లెక్కలు చెబుతుంది, చేతికి అంటిన సుద్దపొడి కూడా పోలేదు. జారితే చేతివేళ్ళెందుకు వాచాయని అడిగింది. ఎవరూ చెప్పకపోయేసరికి ఆవిడ మొహంలోకి చూస్తూ అలాగే నిలబడింది. ఆవిడ, తనకి ఫోనేదో వచ్చినట్టు, బయటికి నడిచింది. ఫోను రాలేదు.

సాయంత్రం ఆవిడ తన ఇంట్లో సింకు దగ్గర రవిక చేతిమీది రక్తం కడుక్కుంటుంటే భర్త వచ్చి నిలబడ్డాడు. ఆయన పళ్ళ డాక్టరు.

"ఎవరి రక్తమోయ్?"

"ఆఫీసులో ఒకతను జారిపడ్డాడండీ."

"ఆ ఆఫీసులో నేల మరీ నున్నగా ఉన్నట్టుంది. ఎప్పుడూ ఎవరో ఒకరు జారుతుంటారు" అన్నాడాయన. తుండుగుడ్డ అందిస్తూ, "నా కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ నోరు తెరుస్తాడు. పాతికేళ్ళుగా నీ నోరొక్కటే తెరిపించలేకపోయాను" అన్నాడు.

మామూలుగా ఇలాంటి మాటకి ఆవిడ నవ్వేది. "ఈ శుక్రవారం దాటనివ్వండి" అంది. నీళ్ళు ఎర్రగా పోతూనే ఉన్నాయి. రవిక అక్కడే వదిలేసి వెళ్ళి మంచంమీద పడుకుంది.

*

మర్నాడు జరిగింది ఇంకా విడ్డూరం. గురువుగారు పొద్దున్నే వచ్చి, విరిగిన పందిరి ముక్కల్ని చేటలోంచి తీయించి బల్లమీద పేర్చుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి నీడ ఎలా పడుతుందో చూశాడు.

"దీన్ని పక్కన పారేశారేం? ఈ మొత్తం కట్టడానికి ప్రాణం ఇదే" అన్నాడు. "గాలి ఎటునుంచి వస్తుందో కట్టడం చెప్పాలి. నేను ఎప్పటినుంచో అంటున్నదే ఇది. పెద్ద కప్పుని కూడా ఇలాగే వంచండి. అట్టలక్కా, శుక్రవారానికి కొత్త మోడల్ కావాలి."

అట్టలక్క ఆవిడవైపు చూసింది. ఆ చూపులో తిట్టు లేదు, అది ఉన్నా నయమే. కొట్టిన చెయ్యి ఇరవైనాలుగు గంటలైనా కాకముందే ఆ గీతని తనదిగా చేసుకుంది. గది నిండా చదువుకున్నవాళ్ళున్నారు, అందరూ తలూపారు. ఆవిడ కూడా "అలాగేనండీ" అంది. మనసులో మాత్రం, ఏళ్ళ తరబడి తను పెట్టించిన దిష్టిబొమ్మలన్నీ లెక్కకొచ్చాయి. ఎవరెవరు వాటి పక్కన నిలబడి తిట్లు తిన్నారో, ఎవరు ఏడుస్తూ మానేసి వెళ్ళిపోయారో, ఒక్కొక్క మొహమూ కనిపించింది. విరిగేది చెక్క అనుకుంది ఇన్నాళ్ళూ.

మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్ళింది. పందిరి దిండుకి ఆనుకుని కూర్చున్నాడు, సగం మొహం కట్టులో ఉంది. భార్య నారింజ తొనలు ఒలిచి పెడుతోంది.

"పందిరిని మళ్ళీ చేయిస్తున్నారు" అంది ఆవిడ. "గురువుగారికి నచ్చింది."

వాడి కట్టు లేని కన్ను వెలిగింది. ఆ వెలుగు చూశాక ఆవిడకి దాచుకోవడం చేతకాలేదు.

"నీకో సంగతి చెప్పాలి. నిన్ను కొట్టింది ఆయనే గానీ, అక్కడ నిలబెట్టింది నేను. ఆ పందిరి విరగడానికే పెట్టించాను. ఆయన అది విరగ్గొట్టి ఊరుకుంటాడని. ప్రతిసారీ ఏదో ఒకటి అలా పెడతాం. నీకు చెప్పలేదు."

వాడు దిండు వదిలి ముందుకి వంగాడు. "అయితే... బావుందన్నారు కదా మేడమ్?"

"బావుంది. నిజంగానే బావుంది."

"బావున్నదాన్ని విరగడానికి పెట్టారా?"

భార్య లేచింది. నారింజ తొక్కలు నేలమీద పడ్డాయి. ఆ పిల్ల బడిపంతులమ్మ, పిల్లలమీద ఒక్క దెబ్బ వేసి ఎరగదు. ఈడ్చి లెంపకాయ కొట్టింది. ఆవిడ కళ్ళజోడు ఎగిరి మంచం కిందికి పోయింది. ఇంకోటి కొట్టబోయి తనే ఏడ్చేసింది.

"పోలీసుల దగ్గరికి వెళ్దాం. మీరొచ్చి చెప్పండి. ఆయన కొట్టాడని చెప్పండి చాలు."

"చెబుతాను" అంది ఆవిడ, చెంప పట్టుకుని. "శుక్రవారం అయిపోగానే చెబుతాను. ఒట్టు."

"మా ఆయన కన్ను శుక్రవారం దాకా ఆగుతుందా?"

మొదటి సంతకం అనే ఆశ ఎంత సిగ్గుమాలినదో ఆ క్షణాన ఆవిడకే తెలిసింది. తెలిసినా వదల్లేకపోయింది. వంగి మంచం కింద కళ్ళజోడు వెతుక్కుంది. పందిరి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

*

శుక్రవారం పొద్దున్న పందిరి ఆఫీసుకి వచ్చాడు. కంటికి కట్టు, చేతికి కట్టు. గురువుగారే కబురు పెట్టించాడట, వాళ్ళు ప్రశ్నలడిగితే చెప్పడానికి మనిషి కావాలని. భార్య వద్దని చెప్పినా వినలేదు. "నా పందిరి. దాని గురించి నేనే చెప్పుకోవాలి" అన్నాడట. ఆవిడ పలకరించబోతే పక్కకి తప్పుకుని మోడల్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

కొత్త మోడల్ బ్రహ్మాండంగా కుదిరింది. ఇసుకమీద గాలికి వంగినట్టు కప్పు అంతా ఒకవైపు ఒదిగి ఉంది. అద్దం గోడ అవతలి గదిలో ఆ దేశంవాళ్ళు కాఫీ తాగుతున్నారు. వాళ్ళ పెద్ద తెల్లగడ్డం ఆయన, గోడలమీద గురువుగారి కట్టడాల ఫొటోలు ఒక్కొక్కటీ చూస్తున్నాడు. కాఫీ కప్పులు ఖాళీ కాగానే వాళ్ళని పిలవాలి.

గురువుగారు చివరిసారి మోడల్ చుట్టూ తిరిగాడు. ఒకచోట ఆగాడు. కప్పు అంచున జిగురు మరక, గోరంత. ఆ గోరంత మరకకి ఆయన మొహం నల్లబడింది.

"అక్కా" అని పిలిచాడు. ఆయన నోట ఆ పిలుపు మెత్తగా వస్తే భయపడాలి. అట్టలక్క గుడ్డ తీసుకుని గబగబా వచ్చింది. నిద్ర లేక కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. తుడవడానికి వంగేసరికి ఆయన ఆమె జుట్టు ముడి పట్టుకుని మొహాన్ని మోడల్ మీదికి తోశాడు. "చూడు, దగ్గరగా చూడు, కనిపిస్తోందా?" ఎడమచేత్తో ముడి, కుడిచేత్తో స్కేలు. ఆ కుడిచెయ్యి లేచింది.

ఆవిడ ఆలోచించింది అంటే అబద్ధం. ఆలోచించి ఉంటే మొదటి సంతకం గుర్తొచ్చేది, అద్దం అవతల కాఫీలు గుర్తొచ్చేవి. అవేమీ గుర్తురాలేదు. చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకుంది.

గదిలో ఎవరో "మేడమ్" అన్నారు.

గురువుగారు తలతిప్పి, తన చేతిని, దాన్ని పట్టుకున్న చేతిని, ఇదేదో డ్రాయింగులో తప్పు అన్నట్టు చూశాడు. లాక్కున్నాడు. రాలేదు. ఇంకోసారి లాక్కున్నాడు. అట్టలక్క జుట్టు వదిలేసి ఎడమచేత్తో ఆవిడ మూతిమీద కొట్టాడు. ఉంగరం తగిలి పెదవి చీలింది. మళ్ళీ కొట్టాడు. ఆవిడ వదల్లేదు. పెనుగులాటలో బల్ల ఒరిగి, విమానాశ్రయం మొత్తం, కప్పూ రన్‌వేలూ పందిరీ, నేలమీద పడి ముక్కలైంది.

అప్పటికి ఆవిడకి తెలిసిన సంగతి ఒకటే. ఆ మణికట్టులో ఏమీ లేదు. వదులు చర్మం, దాని కింద పుల్లల్లాంటి ఎముకలు. ఆవిడ బొటనవేలూ మధ్యవేలూ దాని చుట్టూ తిరిగి కలుసుకున్నాయి. ఆయన బలమంతా పెట్టి గుంజుతున్నాడు, ఆ బలం సంచీ లాక్కునే పసివాడి బలమంత కూడా లేదు. ఇన్నేళ్ళూ, ఇంతమంది, ఈ చేతికా భయపడింది! గెలిచినట్టు అనిపించలేదు.

స్కేలు దానంతటదే జారి పడింది. ఆవిడ చెయ్యి వదిలింది. గురువుగారు కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు, ఎవరూ జరపలేదు. అద్దం అవతల తెల్లగడ్డం ఆయన కాఫీ కప్పు బల్లమీద పెట్టి, తన మనుషులతో ఏదో చెప్పి, అందరికీ తొడుక్కునే కోట్లు అందించి గుమ్మంవైపు నడిచాడు.

"చంపావు" అన్నాడు గురువుగారు. "నన్ను కాదు. నిన్ను నువ్వే చంపుకున్నావు. అక్కడ సంతకం పెట్టాల్సింది నువ్వు."

"అవునండీ" అంది ఆవిడ, నోట్లో రక్తంతో.

ఆఫీసు వాళ్ళు ఆవిడకి హారతేమీ పట్టలేదు. అంత పెద్ద పని చేజేతులా పోయింది మరి. "ఇంకో గంట ఓర్చుకుంటే సరిపోయేది కదా" అని ఎవరో గొణిగారు. అట్టలక్క మాత్రం వచ్చి, మరక తుడవడానికి తెచ్చిన గుడ్డే ఆవిడ పెదవికి అదిమి పట్టింది. జుట్టు ఊడి మొహాన పడుతున్నా సర్దుకోలేదు.

పందిరి నేలమీద కూర్చుని, ఒంటిచేత్తో ముక్కలు ఏరుతున్నాడు. ఆవిడ వెళ్ళి పక్కన నిలబడింది.

"పద, పోలీసుల దగ్గరికి. ఇప్పుడే."

వాడు తలెత్తకుండా చెప్పాడు. "సోమవారం కూడా మీరు ఇంతే దగ్గరగా ఉన్నారు మేడమ్."

*

స్టేషన్లో బెంచీ ఇరుకు. పందిరి ఒక చివర, వాడి భార్య మధ్యలో, ఆవిడ ఇంకో చివర కూర్చున్నారు. వాంగ్మూలం రాసుకునే పోలీసాయన నెమ్మది మనిషి. జరిగిందంతా ఆవిడ చెబుతుంటే అడ్డు రాకుండా రాసుకున్నాడు. వేళ్ళమీద దెబ్బ, చెంపమీద దెబ్బ, అంచుతో దెబ్బ, కూలబడ్డాక పడ్డ దెబ్బలు. ఆస్పత్రిలో తను చెప్పిన అబద్ధం కూడా చెప్పింది. విరగడానికే పందిరి పెట్టించిన సంగతి చెబుతుంటే ఆయనకి అర్థం కాలేదు. రెండోసారి చెప్పింది.

"అతన్ని కొడుతున్నప్పుడు మీరెక్కడున్నారు?"

"పక్కనే."

"పక్కనే అంటే?"

ఆవిడ చెయ్యి చాపి చూపించింది. వేళ్ళు పోలీసాయన కాగితానికి తగిలాయి.

"మరి ఆపలేదేం? అంత ముసలాయన్ని?"

పందిరి భార్య ఆవిడవైపు తిరిగింది. పందిరి నేలనే చూస్తున్నాడు, వింటున్నాడు. భయమేసిందని చెప్పొచ్చు. ఉద్యోగం పోతుందని చెప్పొచ్చు. రెండూ నిజమే, అలాంటి నిజాలు ఆ గదిలో రోజూ ఎంతమందో చెప్పి వెళుతుంటారు. కానీ పొద్దుటినుంచి ఆవిడ గుప్పిట్లో ఆ మణికట్టు ఇంకా ఉన్నట్టే ఉంది.

"ఆ చేతిలో బలం ఉందనుకున్నానండీ" అంది. "ఒక్కసారి కూడా పట్టుకుని చూడలేదు."

పోలీసాయన దాన్ని ఎలా రాయాలో తెలియక కలం ఆపాడు.

"అలాగే రాయండి" అన్నాడు పందిరి.